ఇరవై ఒకటో రేకు

కంటికి కనిపించని దాన్ని ఒలిచి బతికే మనిషి మా వైపు మొత్తం మీద ఒక్కతే ఉంది. పేరు హన్నమ్మ. ఊరు గుండుగొలను. రోజూ పొద్దున్నే క్యారేజీ పట్టుకుని భీమడోలులో రైలెక్కి తాడేపల్లిగూడెంలో దిగుతుంది. అక్కడొక కాలేజీలో, ఫిజిక్సు ల్యాబులో, ఒక గాజుపెట్టెలోకి రెండు చేతులూ దూర్చి సాయంత్రం దాకా పొరలు తీస్తుంది. ఏం పొరలని రైల్లో ఎవరైనా అడిగితే, "ఏవోనండీ, అయస్కాంతం పొరలంట" అంటుంది. "అయస్కాంతానికి పొరలేంటి హన్నమ్మా, అదేమన్నా ఉల్లిపాయా?" అని వాళ్లు నవ్వితే, "నాకూ అదే అర్థం కావట్లేదండీ" అని ఒప్పేసుకుంటుంది.

నవ్వకండి. అర్థం కాలేదని ఒప్పుకునే మనిషి ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతుంది? ఆ ల్యాబులో పెద్ద చదువులు చదివినవాళ్లకే ఎనిమిది నెలలపాటు బుర్ర పనిచెయ్యలేదు. కుడితిలో పడ్డ ఎలుకల్లా అందరూ కలిసే కొట్టుకున్నారు. ఆ కథే ఇది.

హన్నమ్మ పుట్టింది కలిదిండిలో. పెళ్లి కాకముందు నుంచీ రొయ్యల షెడ్డులో పని. ఐసు నీళ్ల టబ్బు పక్కన నిలబడి, తల తుంచి, పెంకు ఒలిచి, ట్రేలో వరసగా పేర్చాలి. పద్దెనిమిదేళ్లు అదే పని. రొయ్యను చూస్తే చాలు, కిలోకి ఎన్ని తూగుతాయో చెప్పేసేది. ఒలిస్తే పెంకు ఒక్క ముక్కలో ఊడి వచ్చేది. చివరికి ఐసు నీళ్లకి వేళ్లు పాసిపోయి, గోళ్లు ఊడిపోయే దాకా వస్తే, డాక్టరు గారు చేతులెత్తి దణ్ణం పెట్టి మరీ మానెయ్యమన్నారు. ఆమె భర్త జ్ఞానయ్యకి గుండుగొలను దగ్గర రైసుమిల్లులో వాచ్‌మన్ పని దొరికింది. కాపురం అక్కడికి మారింది. ఆ తరువాత ఎవరో కంట్రాక్టరు ద్వారా కాలేజీలో ఊడ్చే పని దొరికింది హన్నమ్మకి. ఏటా జూన్ నెలాఖరుకి రాసిస్తేనే మళ్లీ ఏడాది, లేకపోతే ఇంటికి. అలాంటి ఉద్యోగం.

ఊడ్చే మనిషి గాజుపెట్టె దాకా ఎలా వెళ్లింది? చూస్తూ ఊరుకోలేక వెళ్లింది.

ఆ ల్యాబులో హిమజ అని ఒక అమ్మాయి పీహెచ్‌డీ చేస్తోంది. ఏలూరులో బట్టల కొట్టు వాళ్ల పిల్ల. మంచి పిల్ల, మొండి పిల్ల. క్రోమియమూ అయొడినూ కలిపి గాజు గొట్టంలో మూసి, వారం పాటు కొలిమిలో పెడితే, నల్లగా తళతళలాడే బిళ్లలు తయారవుతాయి. వాటిని స్ఫటికాలంటారు. అభ్రకం లాగా పొరలు పొరలుగా ఉంటాయి. ఆ పొరల్లోంచి ఒక్కటో రెండో విడదియ్యాలి. ఒక్క పొర ఎంత మందం అంటే, తలవెంట్రుకను లక్ష చీలికలు చేస్తే అందులో ఒకటి. అమ్మ బాబోయ్! పైగా దానికి తేమ తగలకూడదు. తగిలితే నిమిషాల్లో చెమర్చి చెడిపోతుంది. మన కొల్లేటి గాలికి డబ్బాలో ఉప్పే నీరైపోతుంది, ఇంక దీని సంగతి చెప్పాలా? అందుకని ఆ గాజుపెట్టె. దానికి రెండు పొడుగాటి రబ్బరు తొడుగులు, లోపలే మైక్రోస్కోపు. బిళ్లకి టేపు అంటించి లాగుతారు, ఆ టేపుకి ఇంకో టేపు అంటించి లాగుతారు, అలా పల్చబడిందాకా.

హిమజ లాగితే చిరిగిపోయేవి. నెల రోజులు లాగింది, నెల రోజులూ చిరిగాయి. ఒకరోజు చీపురు పట్టుకుని వెనకాల నిలబడి చూస్తున్న హన్నమ్మ ఉండబట్టలేకపోయింది.

"మేడమ్‌గారండీ, తప్పుగా అనుకోకండి. అలా ఒక్కపెట్టున లాగితే చిరిగిపోద్దండీ. ఒక మూల నుంచి, నిదానంగా, అది వస్తానంటేనే లాగాలి."

హిమజకి ఒళ్లు మండే ఉంటుంది. కానీ ఏలూరు మర్యాద కదా, "అయితే మీరొకసారి చూడండి హన్నమ్మగారూ" అంది, ఎగతాళి కూడా కాస్త కలిపి. హన్నమ్మ చీపురు గోడకి ఆనించి, చేతులు కడుక్కుని తొడుగుల్లోకి దూర్చింది. మధ్యాహ్నానికి రెండు పొరల రేకు ఒకటి తీసి చూపించింది. హిమజ మైక్రోస్కోపులో చూసి, మళ్లీ చూసి, పరుగెత్తుకెళ్లి వాళ్ల ప్రొఫెసరు సుకుమార్ గారిని లాక్కొచ్చింది. ఆ వారం నుంచి ఊడ్చే పని వేరే మనిషికి వెళ్లింది. హన్నమ్మని ల్యాబ్ అసిస్టెంటుగా తీసుకోమని సుకుమార్ గారు ఆఫీసుకి ఉత్తరం పెట్టారు. ఫైలు కదులుతోందన్నారు. ఫైళ్లు ఎలా కదులుతాయో మీకు తెలుసు.

పొరల మాట ఎత్తితే చాలు, మా జిల్లాల వాళ్లందరూ పూతరేకుల దగ్గరికి పరుగెడతారు. సుకుమార్ గారూ అక్కడికే పరుగెత్తారు. "ఇది పూతరేకుల మడత లాంటిదమ్మా" అని హన్నమ్మకి చెప్పారు.

"పూతరేకుల మధ్యన నెయ్యీ బెల్లం ఉంటాయి కదండీ. దీని మధ్యలో ఏవుంటదండీ?"

"ఏమీ ఉండదు."

"ఏవీ లేకుండా ఎలా అంటుకున్నాయండీ?"

"చాలా మంచి ప్రశ్న" అని ఆయన క్లాసుకి వెళ్లిపోయారు. మాస్టార్లు మంచి ప్రశ్న అన్నారంటే, ఇప్పుడు చెప్పరని అర్థం.

చెప్పింది హిమజే. అన్నాలు తినేటప్పుడు కారిడార్లో బల్ల మీద కూర్చుని, రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించింది. ఒక్కో పొరలో కోట్లకొద్దీ బుల్లి అయస్కాంతాలుంటాయట. బాగా చలిలో పెడితే పై పొరలోవన్నీ ఒక్కమాట మీద పైకి తిరిగి నిలబడతాయట. కింద పొరలోవన్నీ కిందికి తిరుగుతాయట. ఒకటి పైకీ ఒకటి కిందికీ లాగేసరికి మొత్తం లాగుడు సున్నా.

"మరి మూడో పొర ఉంటేనండీ?"

"మూడోది మళ్లీ పైకి. రెండు కొట్టుకుపోగా ఒకటి మిగులుతుంది. అప్పుడు అయస్కాంతం ఉన్నట్టే."

"నాలుగుంటే?"

"ఉండదు."

"ఇదేం లెక్కండీ బాబూ! ఒకటుంటే ఉంటది, రెండుంటే పోద్ది, మూడుంటే మళ్లీ వస్తది. ఎక్కువుంటే ఎక్కువుండాలి గానీ!" అని హన్నమ్మ ముద్ద చేతిలో పట్టుకుని చాలాసేపు ఆలోచించింది. తరువాత ముఖం వెలిగింది. "ఆఁ, తెలిసిందండీ. మా పెద్దకోడలూ చిన్నకోడలూ! దేనికది బంగారం. ఇద్దర్నీ ఒక వంటింట్లో పెట్టామా, ఆ పూట పొయ్యి వెలగదు."

హిమజ నవ్వీ నవ్వీ పొలమారింది. "సార్ ఏడాది చెప్పారు నాకు. ఇంత బాగా ఎక్కలేదండీ" అంది.

ఎక్కిందని హన్నమ్మా అనుకుంది. ఇంటికి వెళ్లి జ్ఞానయ్యకి చెప్పబోతే మళ్లీ అంతా చిక్కుపడిపోయింది. జ్ఞానయ్య ఊరుకునే రకం కాదు.

"అయస్కాంతం అంటన్నావు. మేకుని పట్టుకుంటదా?"

"ఇక్కడ పట్టుకోదంట. మైనస్ రెండొందల ముప్పై చలిలో పెట్టాలంట."

"గుండుగొలనులో ఎండ నలభై నాలుగు. ఇక్కడ మేకుని పట్టుకోదు, రెండుంటే అసలే పట్టుకోదు, కంటికి కనపడదు, తేమ తగిలితే చస్తది. దీనికి నీకు జీతం ఇత్తన్నారు. నువ్వు జాగర్తే హన్నమ్మా, ఇదేదో తేడా కంపెనీ."

ఆమెకి నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. మొగుడు చెప్పినదాంట్లో తప్పేముందో ఎంత వెతికినా దొరకలేదు.

ఆరో రేకు దగ్గర అది జరిగింది.

ఒలవడంతో పని అయిపోదు. దొరికిన రేకుని జెల్లీ లాంటి మెత్తటి ముక్కతో, మరలు తిప్పుతూ పైకి లేపాలి. లేపి వేరే బిళ్ల మీద దింపి, పైనా కిందా మూతలు వేసి, హైదరాబాదు పంపాలి. చలిలో పెట్టి కొలిచే యంత్రం అక్కడే ఉంది. ఆ రోజు హిమజ కొలిమి దగ్గర ఉంది. హన్నమ్మ ఒక్కతే రెండు పొరల రేకుని లేపుతోంది. పై పొర లేచింది, కింద పొర లేవలేదు. జంట విడిపోయింది. వారం కష్టం.

ఇక్కడ షెడ్డు సంగతి ఒకటి చెప్పాలి. రొయ్య మధ్యకి విరిగితే దాన్ని ముక్క అంటారు. ట్రేలో ముక్కలు ఎక్కువైతే ట్రే మొత్తం పక్కన పెట్టేస్తారు, ఆ రోజు పని లెక్కలోకి రాదు. అందుకని ఒలిచేవాళ్లకి ఒక ఒడుపు ఉండేది. తోక ముక్కనీ తల వైపు ముక్కనీ తెచ్చి, కోతకి కోత ఆనించి, వరసలో సర్దేవారు. ఐసు పట్టేసరికి రెండూ ఒకటే రొయ్య. మేస్త్రీ కాదు గదా, వాడి తాత కూడా కనిపెట్టలేడు. అది మోసమని అక్కడెవరూ అనుకోలేదు. కొత్తగా వచ్చిన పిల్లకి పెద్దవాళ్లు ఊరగాయ కలపడం నేర్పినట్టు నేర్పేవారు. రానివాళ్లని చేతకానివాళ్లనేవారు.

హన్నమ్మ చేతకాని మనిషి కాదు. మరలు వెనక్కి తిప్పి, పై పొరని కింద పొర మీదికి, అంచుకి అంచు ఆనించి, ఊపిరి బిగపట్టి దింపింది. మైక్రోస్కోపులో చూసింది. పొరల లెక్క రంగులోనే తెలుస్తుంది. రెండు పొరలకి ఉండాల్సిన రంగే. ఎక్కడా అతుకు కనిపించలేదు. దేవుడా, నీకు స్తోత్రం అనుకుని మూత వేసేసింది. పదమూడో రేకూ, పదిహేడో రేకూ కూడా అలాగే విడిపోతే అలాగే అతికింది. ఎవరికీ చెప్పలేదు. దాచాలనీ కాదు. అన్నం వండేటప్పుడు గంటె ఎన్నిసార్లు తిప్పామో ఎవరికి చెబుతాం?

మొత్తం ఇరవై నాలుగు రెండు పొరల రేకులు వెళ్లాయి. కొలతలు వచ్చాయి. ఇరవైలో లాగుడు సున్నా. నాలుగింట్లో మాత్రం ఉంది. రెండు పొరలూ ఒకే వైపు లాగుతున్నాయి.

హిమజ మొదట సంబరపడింది, తరువాత కంగారుపడింది, ఆ తరువాత పిచ్చిదైపోయింది. సుకుమార్ గారు ముందు హన్నమ్మనే అనుమానించారు. "అవి మూడు పొరలేమో హన్నమ్మా. రెండనుకుని ఉంటారు."

"రెండేనండీ" అంది హన్నమ్మ. లెక్క తప్పావంటే ఆమెకి రోషం. పద్దెనిమిదేళ్లలో కౌంటు తప్పి ఎరగదు. వాటినే మళ్లీ తెప్పించి యంత్రంతో కొలిపించారు. రెండే. దాంతో ఆయనకీ పాలుపోలేదు. కొలిమి వేడిలో తేడా ఏమో అన్నారు. వేడి మార్చి మళ్లీ వండారు. అయొడిన్ మంచిది కాదేమో అన్నారు, కొత్త డబ్బా తెప్పించారు. హైదరాబాదు యంత్రం మీద నెపం వేశారు, వాళ్లు వీళ్ల మీద వేశారు. నెలలు గడిచిపోయాయి. హిమజ స్కాలర్‌షిప్పు జూన్‌తో అయిపోతుంది. "ఈ నాలుగూ ఎందుకిలా ఉన్నాయో చెప్పకుండా నేను థీసిస్ మీద సంతకం పెట్టలేనమ్మా" అని సుకుమార్ గారు తేల్చేశారు. ఆయన చెడ్డవాడు కాదు, ఆయన పద్ధతి అంతే.

నాలుగు అనే మాట వినపడ్డప్పుడల్లా గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు హన్నమ్మ ఉలిక్కిపడేది. నేను అతికినవి మూడే కదా? నాలుగంటున్నారే? ఆ నాలుగు ఏ నంబర్లో అడగాలంటే నోరు రాలేదు. అడిగితే ఎందుకడుగుతున్నావంటారు. అయినా, అదే పొర, అదే చోటు. మూత తీసి మళ్లీ అదే గిన్నె మీద పెడితే కూర రుచి మారుతుందా? మారదు. కాబట్టి తనది తప్పు కాదు. కానీ తప్పు కాకపోతే చెప్పడానికి భయమెందుకు? రైల్లో కూర్చుని పూళ్ళ స్టేషను దాకా ఇటు ఆలోచించేది, పూళ్ళ దాటాక అటు ఆలోచించేది.

జ్ఞానయ్యతో చెప్పుకుంది. ఆయన ఒక్కసారిగా మంచం మీంచి లేచి కూర్చున్నాడు.

"ఎవరన్నా అడిగారా నిన్ను?"

"లేదండీ."

"అడక్కుండా నువ్వెందుకు చెప్తావే? షెడ్డులో మీ పక్క టబ్బు ఆవిడ మేస్త్రీకి నిజం చెప్పింది. ఏమైంది? తెల్లారి గేటు దగ్గరే ఆపేశారు. జూన్ నెలాఖరుకి నీ ఫైలు కదులుద్దంటన్నావు, మూడు వారాలుంది. నోరు మూసుకో."

మూసుకుంది. మింగలేకా కక్కలేకా పది రోజులు గడిపింది.

పదకొండో రోజు హిమజ అన్నం డబ్బా తెరవలేదు. బల్ల మీద ఎదురుగా కూర్చుని, "ఇవాళ ఆ క్రిస్టల్సన్నీ పారేస్తున్నానండీ హన్నమ్మగారూ" అంది.

"అన్నీనా? ఎందుకండీ?"

"గొట్టం మూసేటప్పుడు నేనే సరిగ్గా మూసి ఉండను. గాలి చొరబడి ఉంటుంది. ఇంకేం కారణం కనిపించట్లేదు. తప్పంతా నా చేతిలోనే ఉంది. మీరు చక్కగా ఒలిచి పెట్టారు, నేనే చెడగొట్టాను." కళ్లు తుడుచుకుంది. "నాన్నగారు ఇంక చాలమ్మా, వచ్చేసి కొట్లో కూర్చో అంటున్నారు. ఆయనదే నిజమేమో."

హన్నమ్మ చేతిలో ముద్దని మళ్లీ డబ్బాలో పెట్టేసింది. ఇదేం విడ్డూరం? తప్పు తనదో కాదో తనకే తెలియదు. ఆ పిల్లది మాత్రం కాదని తెలుసు. గొట్టాలు మూసేటప్పుడు పక్కన నిలబడి చూసింది ఎన్నిసార్లు! అమ్మ ముక్కుపుడక తగిలించినంత జాగ్రత్తగా మూస్తుంది. అలాంటి పిల్ల తన చేతిని తనే తిట్టుకుంటుంటే, మంచి చెయ్యంటే ఏమిటో తెలిసిన హన్నమ్మ తట్టుకోలేకపోయింది.

"మీ చెయ్యి కాదండీ. నేను మూడు రేకులు అతికానండీ."

హిమజకి అర్థం కాలేదు. "అతకడమేంటి?"

చెప్పింది. పై పొర ఊడి రావడం, మరలు వెనక్కి తిప్పడం, అంచుకి అంచు ఆనించడం. రొయ్య ముక్కల సంగతి కూడా చెప్పేసింది, ఎందుకు చెబుతోందో తెలియకుండానే. చెబుతున్నంతసేపూ హిమజ ముఖంలోకి చూడలేక డబ్బా మూత వంక చూసింది.

"ఏవేవి?" అంది హిమజ. గొంతు మారిపోయింది.

"ఆరోది, పడవలా ఉంటదండీ. పదమూడోది, విరిగిన గాజుముక్కలా. పదిహేడోదానికి ఒక మూల చిన్న తోక ఉంటది."

హిమజ లేచి లోపలికి పరుగెత్తింది. హన్నమ్మ ఎంగిలి చెయ్యి కడుక్కోవడం కూడా మరిచిపోయి వెనకే వెళ్లింది. హిమజ నోటుబుక్కు తెరిచి, వేలు పెట్టి, పైకే చదివింది. "లాగుడు ఉన్నవి ఆరు, పదమూడు, పదిహేడు, ఇరవై ఒకటి." చదివి కుర్చీలో కూలబడింది.

"ఎనిమిది నెలలు హన్నమ్మగారూ! ఎనిమిది నెలలు!" అని అరిచింది. ఆ పిల్ల అరవడం హన్నమ్మ అంతవరకూ వినలేదు. అరిచి, నవ్వింది. నవ్వి, ఏడ్చింది. తిట్టిందో మెచ్చుకుందో హన్నమ్మకి తెలియలేదు. ఆ క్షణాన హిమజకీ తెలిసినట్టు లేదు.

అరుపు విని సుకుమార్ గారు వచ్చారు. విన్నారు. హన్నమ్మ గోడకి ఆనుకుని నిలబడింది. గేటు, మేస్త్రీ, జ్ఞానయ్య ముఖం, అన్నీ కళ్లముందు తిరిగాయి. ప్రభువా, నాకు ఈ నోరెందుకిచ్చావు అనుకుంది.

ఆయన కేకలెయ్యలేదు. బోర్డు మీద చుక్కలు పెట్టడం మొదలుపెట్టారు. "ఇది కింద పొర. పై పొర దీని మీద ఎలా కూర్చుంటుందన్నది ముఖ్యం. పుట్టుకతో కూర్చున్నప్పుడు ఒక తీరు. ఊడదీసి మళ్లీ పెట్టారు, మీ కంటికి అదే చోటు. కానీ పొరలో అణువులకి ఇంచీలో పదికోట్లో వంతు జరిగినా అది వేరే చోటు. ఇలా కూర్చుంటే పై పొరా కింద పొరా ఎదురు తిరుగుతాయి. ఇలా కాస్త జరిగి కూర్చుంటే రెండూ ఒకే మాట మీదికి వస్తాయి."

"పీట కాస్త జరిపితే కోడళ్లు కలిసిపోయినట్టాండీ?" అంది హన్నమ్మ, అలవాటుకొద్దీ. అన్నాక నాలిక కరుచుకుంది.

సుకుమార్ గారు సుద్దముక్క పట్టుకుని ఆగిపోయారు. "అలాగే అనుకోండి" అన్నారు. ముఖంలో ఏదో వెలుగు. "హిమజా, నీ థీసిస్‌లో అధ్యాయం దొరికిందమ్మా. కావాలని అతికి చూపించవచ్చు. అతికినవి లాగుతాయి, అతకనివి లాగవు. ఇరవైకి ఇరవై, నాలుగుకి నాలుగు. ఇంతకంటే శుభ్రంగా ఏముంటుంది?"

"మూడేనండీ" అంది హన్నమ్మ.

"ఏంటి?"

"నేను అతికింది మూడేనండీ. ఇరవై ఒకటోది నేను అతకలేదండీ."

సుకుమార్ గారు నెమ్మదిగా, పసిపిల్లకి చెప్పినట్టు చెప్పారు. "హన్నమ్మగారూ, బాగా ఆలోచించండి. ఎన్నో రేకులు తీశారు. మర్చిపోయి ఉంటారు. మిమ్మల్నెవరూ ఏమీ అనరు. మీ ఫైలు సంగతి నేను చూసుకుంటాను. అదీ అతికిందే అయి ఉంటుంది కదా?"

అవునండీ అంటే అయిపోతుంది. ఒక్క చిన్న మాట. హిమజ థీసిస్ అయిపోతుంది, జూన్ గండం గట్టెక్కుతుంది, ఇందాకటి తప్పు కూడా ఒప్పయిపోతుంది. పెద్దవాళ్లు అంత మర్యాదగా అడిగితే కాదనడం హన్నమ్మ పుట్టాక నేర్చుకోలేదు. షెడ్డులో మేస్త్రీ ఏమన్నా అవునండీయే. నిజంగానే మర్చిపోయానా? కళ్లు మూసుకుని ఇరవై ఒకటిని తలుచుకుంది. తమలపాకు ఆకారం. ఆదివారం ప్రార్థన అయిన మర్నాడు, సోమవారం తీసింది. మూల నుంచి పట్టుకుంటే పిలిచినట్టు వచ్చేసింది, రెండు పొరలూ కలిసి, ఒక్క లాగుడుకి. అంత సుళువుగా వచ్చిన రేకు మళ్లీ దొరకలేదు. అతకడానికి అసలు విడిపోతే కదా!

అది కూడా కలిపి చెప్పడం అంటే, కోతకి కోత ఆనించి ట్రేలో సర్దడమే కదా అని ఆమెకి అప్పుడు తోచింది. ఐసు పట్టేస్తే ఎవరికీ తెలియదు.

"లేదండీ" అంది. "అది ఎలా ఊడిందో అలాగే పెట్టానండీ. ఎందుకలా ఉందో నాకు తెలీదండీ. నేను మాత్రం ముట్టుకోలేదండీ."

హిమజ ఆమె వంక చూసింది. తరువాత నోటుబుక్కులో స్కేలు పెట్టి కొత్త గడి ఒకటి గీసింది. దాని మీద 'అతుకు' అని రాసింది. ఆరు ఎదురుగా అవును. పదమూడు ఎదురుగా అవును. పదిహేడు ఎదురుగా అవును. ఇరవై ఒకటి ఎదురుగా, "కాదు. హన్నమ్మగారు చెప్పారు" అని రాసింది.

సుకుమార్ గారు వంగి చూశారు. "అలా రాయకూడదమ్మా. ఒక మనిషి చెప్పారని రాస్తే సైన్సులో ఎవరొప్పుకుంటారు? పైగా ఇంక ఆ అధ్యాయం శుభ్రంగా ఉండదు. ఇరవై ఒకటి ఎందుకు లాగుతోందని మళ్లీ మొదటికొస్తారు."

"పైన మూడూ అవునని ఎలా రాశామండీ?" అంది హిమజ. "అవీ హన్నమ్మగారు చెప్పినవే కదా."

సుకుమార్ గారు కళ్లజోడు తీసి చొక్కా కొసతో తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. బోర్డు మీద తన చుక్కల వంక చూశారు, నోటుబుక్కు వంక చూశారు, చివరికి హన్నమ్మ వంక చూశారు. అన్నం మెతుకులు ఆరిపోయిన కుడిచేతిని ఆమె కొంగు చాటున దాచుకుని నిలబడింది. ఆయన జేబులోంచి పెన్ను తీసి ఆ గడి కింద సంతకం పెట్టి, తేదీ వేశారు.

"మరి ఇరవై ఒకట్లో ఏవుందండీ?" అని అడిగింది హన్నమ్మ.

"తెలీదు హన్నమ్మగారూ" అన్నారాయన.